ఆడ ఎలుకను పక్కన పెట్టిన కాలం

1990లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధనా పత్రం వెలువడింది. రాసినవాళ్ళు కేథరిన్ వూలీ, ఎలిజబెత్ గౌల్డ్, మాయా ఫ్రాంక్‌ఫర్ట్, వాళ్ళ ప్రయోగశాలకు పెద్ద అయిన బ్రూస్ మెక్‌యువెన్. ఎదిగిన ఆడ ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే చోట నాడీకణాల కొమ్మల మీద సన్నని బొడిపెలు ఉంటాయి. అవి ఎప్పుడూ ఒకే సంఖ్యలో ఉండవని, నాలుగైదు రోజుల రుతుచక్రాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటాయని వాళ్ళు లెక్కగట్టి చూపించారు. ఎలుక ఎదకు వచ్చే సాయంత్రానికీ మర్నాటి సాయంత్రానికీ మధ్య తేడా దాదాపు 30 శాతం. హిప్పోకాంపస్ అంటే కొత్త జ్ఞాపకం కుదురుకునే చోటు. ఒక రోగికి మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా ఆ భాగాన్ని తీసేస్తే, అతను కొత్త సంగతులేవీ గుర్తుంచుకోలేకపోయాడని 1957లో విలియం స్కోవిల్, బ్రెండా మిల్నర్ రాసిన నాటి నుంచీ దాని ప్రాముఖ్యం అందరికీ తెలుసు. అలాంటి చోట ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో ఇంత మార్పు తెస్తుందని తేలడానికి, ఆ హార్మోన్ దొరికిన నాటి నుంచి 67 ఏళ్ళు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందన్నదే ఇక్కడి ప్రశ్న. పరికరాలు లేకపోవడం సగం కారణమే. ఈ హార్మోన్ గుణమంతా అది ఎక్కి దిగే వేళల్లో ఉంది. ప్రయోగశాల ఆ వేళలను చికాకుగా భావించి తుడిచేసింది. మందుల వ్యాపారం వాటిని లెక్కచేయకుండానే మాత్రలు అమ్మింది. జ్ఞాపకశక్తి విషయంలో ఈస్ట్రోజెన్‌ను ఒకసారి ఆకాశానికెత్తడానికీ మరోసారి పాతాళానికి తొక్కడానికీ మూలం ఈ ఒక్క తప్పేనని నా వాదన.

కథ కబేళా దగ్గర మొదలవుతుంది. 1923లో సెయింట్ లూయిస్‌లో ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ పంది అండాశయాల నుంచి తీసిన ద్రవాన్ని, అండాశయాలు కోసేసిన ఎలుకలకు ఎక్కించారు. ఎలుక మళ్ళీ ఎదకు వస్తే ఆ ద్రవంలో హార్మోన్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. కొన్నేళ్ళపాటు ఈ హార్మోన్ పరిమాణాన్ని ‘ఎలుక యూనిట్ల’లోనే చెప్పుకున్నారు. 1929లో డాయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటనాంట్ వేర్వేరుగా గర్భవతుల మూత్రం నుంచి ఈస్ట్రోన్‌ను శుద్ధి చేశారు. ఆ తర్వాత ఈస్ట్రడయోల్ కోసం డాయిజీ బృందం నాలుగు టన్నుల పంది అండాశయాలను వడగట్టింది, చేతికొచ్చింది సుమారు 12 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ దొరికే పదార్థాన్ని యోని, గర్భసంచి ఎలా స్పందిస్తాయన్న దాన్ని బట్టే కొలిచారు కాబట్టి అది వాటి హార్మోన్‌గానే స్థిరపడిపోయింది. విచిత్రమేమిటంటే, ఆ పరీక్షలోనే గడియారం ఉంది. జార్జ్ పాపనికొలావ్, చార్లెస్ స్టాకర్డ్ 1917లో గినీ పందుల యోని కణాలను రోజూ గాజు పలక మీద పూసి చూసి, చక్రంలో అది ఎన్నో రోజో చెప్పే పద్ధతి కనిపెట్టారు. ఇవాళ గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు చేసే పాప్ పరీక్ష పాపనికొలావ్ పేరు మీదిదే. అంటే ఏ ఆడ ఎలుక ఏ రోజు ఏ దశలో ఉందో చెప్పగల సాధనం మొదటి నుంచీ శాస్త్రవేత్తల చేతిలోనే ఉంది. మెదడును చూసేటప్పుడు మాత్రం దాన్ని వాడలేదు.

మెదడును చూసినవాళ్ళు లేకపోలేదు. 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక గుర్తు తగిలించిన ఈస్ట్రడయోల్‌తో, ఆ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకం ఉందని చూపించాడు. అదే పద్ధతిలో 1960ల చివర డొనాల్డ్ ఫాఫ్ వంటివాళ్ళు ఎలుక మెదడుకు పటాలు గీశారు. సంతానోత్పత్తిని నడిపే హైపోథలమస్‌లో గుర్తులు దట్టంగా కనిపించాయి, హిప్పోకాంపస్‌లో అక్కడొకటి ఇక్కడొకటి. దాంతో జ్ఞాపకానికీ ఈస్ట్రోజెన్‌కూ పొత్తు లేదనుకున్నారు. ఆ రోజుల్లోనే, 1968లో, కాలిఫోర్నియాలో ఎయి టెరసావా, పావొలా టిమిరాస్ మరో సంగతి బయటపెట్టారు. ఆడ ఎలుక హిప్పోకాంపస్‌లో విద్యుత్తుతో మూర్ఛ తెప్పించడానికి ఎంత బలం కావాలో కొలిస్తే, ఈస్ట్రోజెన్ హెచ్చిన రోజున తక్కువ బలమే సరిపోయింది. నెలసరి చుట్టూ ఫిట్స్ ఎక్కువవుతాయని వైద్యులు అంతకు వందేళ్ళ ముందే రాసి ఉన్నారు. ఆధారం ఎదుటే ఉన్నా, గ్రాహకం కనబడని చోట హార్మోన్ పనిచేయదన్న నమ్మకం దాన్ని మూలన పడేసింది. అక్కడ గ్రాహకాలు లేకపోలేదు. 1996లో స్వీడన్‌లో యాన్-ఓకె గుస్టాఫ్‌సన్ బృందం రెండో రకం గ్రాహకాన్ని కనుగొంది. 2001లో టెరీసా మిల్నర్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, మొదటి రకం గ్రాహకాలే కేంద్రకానికి దూరంగా, సాక్షాత్తూ ఆ బొడిపెల్లోనే దొరికాయి. పాత పటాలు కేంద్రకంలోనే వెతికాయి.

ఇక ప్రయోగశాలల ఆచారం సంగతి. అనలీస్ బీరీ, అర్వింగ్ జుకర్ 2009 నాటి జీవశాస్త్ర పత్రికలను తిరగేసి 2011లో లెక్క తేల్చారు. నాడీశాస్త్రంలో ఒకే లింగపు జంతువులతో చేసిన ప్రయోగాల్లో, ఆడవాటితో ఒకటి చేస్తే మగవాటితో అయిదున్నర చేశారు. ఇందుకు ల్యాబుల్లో చెప్పే కారణం ఒకటే: ఆడ ఎలుకకు చక్రం ఉంటుంది, హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు చెదురుతాయి. ప్రయోగంలో మారే విషయాలను తగ్గించుకోవడం శాస్త్రవేత్త హక్కేనని ఎవరైనా అనవచ్చు. అనవచ్చు, నిజమే. అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఆ చెదురుబాటు ఎంతో ఎవరూ కొలవకుండానే నమ్మారు. 2014లో జుకర్ బృందమే ఆడ, మగ చిట్టెలుకలు రెండింటినీ వాడిన దాదాపు 300 పత్రాలను పోల్చి చూస్తే, ఆడవాటి ఫలితాలు మగవాటికన్నా ఎక్కువ చెదిరిన దాఖలా లేదు. మగ ఎలుకలు బోనులో కలబడి ఒకదానిపై ఒకటి పెత్తనం చేస్తుంటే వాటి హార్మోన్లూ మారుతూనే ఉంటాయి. దాన్నెవరూ సమస్య అనుకోలేదు. రెండోది ఇంకా పెద్దది. మగ ఎలుకతో చేసిన ప్రయోగానికి శీర్షిక పెట్టేటప్పుడు ‘మగ ఎలుక జ్ఞాపకం’ అని పెట్టలేదు, ‘జ్ఞాపకం’ అనే పెట్టారు. ఒక లింగాన్ని వదిలేయడం పద్ధతి కావచ్చు, వదిలేశామని మరచిపోవడం మాత్రం తప్పే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ నిధులతో చేసే జంతు ప్రయోగాల్లో లింగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నిబంధన పెట్టింది 2016లో, అంటే వూలీ పత్రం వచ్చిన పాతికేళ్ళకు.

ఆ పత్రం వెనకున్న పనిని దగ్గరగా చూస్తే, పరికరాల కొరత అన్న సాకు పూర్తిగా నిలవదు. అందులో వాడిన రంగు పద్ధతి ఇటలీవాడు కమిల్లో గోల్జీ 1873లో కనిపెట్టినది. మెదడు ముక్కను క్రోమియం లవణంలో నానబెట్టి, తర్వాత వెండి లవణంలో ముంచితే, నూటికి ఒకటో రెండో కణాలు మాత్రమే మొదలు నుంచి చివరి దాకా నల్లబడతాయి. మిగతావి కనబడవు. అన్నీ నల్లబడితే తెర మీద మసి తప్ప ఏమీ మిగలదు, కాబట్టి ఆ లోపమే దాని బలం. మైక్రోస్కోపు కింద అలా నల్లబడ్డ కణం ఒక్కటి ఆకురాల్చిన చెట్టులా కనిపిస్తుంది, కొమ్మల వెంబడి చిగుళ్ళలా బొడిపెలు. ఒక్కో బొడిపె పక్క కణం నుంచి కబురు అందుకునే చోటు. గాజు పలకల మీద సంకేతాంకాలు వేసి, ఏది ఏ ఎలుకదో లెక్కపెట్టేవారికే తెలియకుండా చేసి, కొమ్మ ముక్కల పొడవు కొలిచి, బొడిపెలను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. కళ్ళు నొప్పెట్టే పని, అంతే. 1890ల నాటి శాస్త్రవేత్త కూడా చేయగలిగినదే. అండాశయాలు తీసేసిన ఎలుకల్లో బొడిపెలు కొద్ది రోజుల్లోనే తగ్గిపోయాయని, ఈస్ట్రడయోల్ ఇస్తే మళ్ళీ వచ్చాయని 1990లోనే గౌల్డ్ బృందం చూపించింది. ప్రొజెస్టిరోన్ కూడా ఇస్తే మొదటి కొన్ని గంటలు బొడిపెలు ఇంకా పెరిగి, ఆ వెంటనే వేగంగా పడిపోయాయని 1993లో తేలింది. అదే హార్మోన్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చేస్తోందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పదేళ్ళ తర్వాత ఆసుపత్రుల్లో దీన్నే మరచిపోయారు.

ఇదంతా ఎలా జరుగుతుందన్నది తర్వాతి ఏళ్ళలో కొంత విడిపడింది. హిప్పోకాంపస్‌లో కొన్ని కణాల పని పక్క కణాలను అదుపులో ఉంచడం. ఈస్ట్రడయోల్ ఆ అదుపును కాసేపు సడలిస్తుంది. సడలిన కణాల్లో గ్లుటమేట్ కబురు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల పాత్ర పెరుగుతుంది, కొత్త బొడిపెలు లేస్తాయి. ఇది రోజుల మీద నడిచే దారి. నిమిషాల్లో జరిగే దారి ఇంకొకటి ఉంది. అందులో హార్మోన్ జన్యువుల దాకా పోకుండానే కణంలోని ఎంజైములను మేల్కొలుపుతుంది. మార్క్ ప్యాకర్డ్, లిసా టీథర్ 1997లో చేసిన ప్రయోగం ఈ రెండో దారికి మంచి ఉదాహరణ. అండాశయాలు లేని ఎలుకలకు నీటి తొట్టెలో, నీళ్ళ కింద దాచిన మెట్టు ఎక్కడుందో నేర్పారు. పాఠం అయిన వెంటనే ఈస్ట్రడయోల్ ఎక్కిస్తే మర్నాడు దారి బాగా గుర్తుంది. రెండు గంటలు ఆగి ఎక్కిస్తే ఫలితం సున్నా. నేర్చుకున్నది పదిలపడే ఆ కొద్ది వ్యవధిలో అందితేనే ఉపయోగం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. బొడిపెలు ఎక్కువైతే జ్ఞాపకం ఎక్కువవుతుందా? కావాలంటే ఎదురు సాక్ష్యం కూడా దొరుకుతుంది. షాన్ వారెన్, జానిస్ జురాస్కా 1997లోనే చూపినట్టు, ఈస్ట్రోజెన్ హెచ్చుగా ఉన్న రోజున ఆడ ఎలుకలు నీటి తొట్టెలో చుట్టుపక్కల గుర్తులను బట్టి దారి పట్టడంలో మెరుగుపడకపోగా, కొంచెం వెనకబడ్డాయి కూడా. ఈ రెండు ఫలితాలనూ కలిపి చదివితే నాకు తోచేది ఇది: ఈస్ట్రోజెన్ తెలివిని పెంచే టానిక్ కాదు. డొనా కోరోల్ ప్రయోగాలు దీన్నే బలపరిచాయి. ఈస్ట్రోజెన్ అందిన ఎలుకలు చోటును బట్టి నేర్చుకోవడంలో ముందుంటాయి, ‘ఎప్పుడూ కుడికి తిరుగు’ వంటి అలవాటు పాఠంలో వెనకబడతాయి. అంటే ఏ సమయానికి ఏ దారిన నేర్చుకోవాలన్న మొగ్గును హార్మోన్ మారుస్తోంది. మంచిదా చెడ్డదా అని అడిగేవారికి ఇందులో జవాబు దొరకదు.

మార్కెట్‌కు మాత్రం జవాబు కావాలి. గర్భంతో ఉన్న ఆడ గుర్రాల మూత్రం నుంచి తీసిన ప్రెమరిన్ 1942లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు, ముట్లుడగడం ఒక లోపపు జబ్బని, ఈస్ట్రోజెన్‌తో ఆడతనం కలకాలం నిలుస్తుందని పుస్తకం రాసి దేశమంతా తిరిగాడు. ఆయన సంస్థకు మందుల కంపెనీల డబ్బు అందిందని తర్వాత బయటపడింది. 1975లో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో గర్భాశయ లోపలి పొర కేన్సర్ పెరుగుతోందని తేలడంతో అమ్మకాలు పడ్డాయి, ప్రొజెస్టిన్ కలిపాక మళ్ళీ లేచాయి. ఈ సందడిలో నిఖార్సైన పని చేసినవారు మాంట్రియల్‌లోని బార్బరా షెర్విన్. అండాశయాలు తీసేయబోతున్న స్త్రీలను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పరీక్షించి, ఈస్ట్రోజెన్ ఇచ్చినవారిలో మాటలను గుర్తుంచుకునే శక్తి నిలిచిందని, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో కొంత తగ్గిందని 1988, 1992 పత్రాల్లో చూపించారు. చిన్న అధ్యయనాలే కానీ, ముందూ వెనకా కొలవడం వల్ల బలమైనవి. అవి చెప్పింది నడివయసులో హఠాత్తుగా హార్మోన్ కోల్పోయి, వెంటనే తిరిగి పొందినవారి గురించి. హార్మోన్లు వాడుతున్నవారిలో అల్జైమర్స్ తక్కువని న్యూయార్క్, కాలిఫోర్నియాల నుంచి వచ్చిన పరిశీలనలు దానికి తోడవగానే, డెబ్బై ఏళ్ళ అవ్వకు కూడా ఈస్ట్రోజెన్ మతిమరుపును ఆపుతుందన్న ఆశ అల్లుకుపోయింది. హార్మోన్లు వాడే స్త్రీలు మొదటి నుంచీ ఎక్కువ చదువుకున్నవారు, డబ్బున్నవారు, డాక్టరు దగ్గరికి వెళ్ళగలిగినవారు అన్న సంగతి వెనకబడింది.

ఆశ 2003లో కూలిపోయింది. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ అమెరికన్ పరిశోధనలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇస్తున్న 16,608 మంది విభాగాన్ని రొమ్ము కేన్సర్, గుండె జబ్బుల ముప్పు వల్ల 2002 జులైలో అర్ధాంతరంగా ఆపేశారు. అందులో 65 ఏళ్ళు దాటిన 4,532 మందిపై జరిగిన జ్ఞాపకశక్తి అధ్యయనం ఫలితం మరుసటి ఏడాది వచ్చింది. మందు తీసుకున్నవారిలో 40 మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 21 మందికి చిత్తవైకల్యం వచ్చింది. ముప్పు తగ్గకపోగా రెట్టింపైంది. ఆ పరిశోధన చేసినవారిని తప్పుపట్టలేం, వాళ్ళు అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు తెచ్చారు. ఆ జవాబును అందరికీ అంటగట్టడంలో ఉంది తప్పు. 65 దాటి, నెలసరి ఆగి పదిహేనేళ్ళయినవారికి గుర్రం మూత్రపు ఈస్ట్రోజెన్‌నూ కృత్రిమ ప్రొజెస్టిన్‌నూ రోజూ ఒకే మోతాదులో ఇస్తే ఏమవుతుందో అది చెప్పింది. నలభై రెండేళ్ళకే అండాశయాలు పోయిన స్త్రీ గురించి అది ఏమీ చెప్పలేదు. అయినా భయం వయసు చూడలేదు. రాత్రికి రాత్రి అవసరమున్నవారూ మాత్రలు మానేశారు.

మందు మొదలుపెట్టే వేళే కీలకమేమో అన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. ఎలుకల్లో దానికి ఆధారం అప్పటికే ఉంది. అండాశయాలు తీసిన మూడు నెలల లోపు హార్మోన్ మొదలుపెడితే ముసలి ఎలుకలు పాఠం బాగా నేర్చాయని, పది నెలలు ఆగితే ఫలితం లేదని రాబర్ట్ గిబ్స్ 2000లోనే చూపించాడు. మనుషుల్లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి వాల్టర్ రోకా బృందం 2007లో పాత ఆపరేషన్ల దస్తావేజులు తవ్వితే, ముట్లుడగక ముందే అండాశయాలు తీయించుకున్నవారిలో తర్వాతి కాలంలో చిత్తవైకల్యం ఎక్కువని, ఆపరేషన్ నాటికి వయసు ఎంత తక్కువైతే ముప్పు అంత ఎక్కువని తేలింది. 50 ఏళ్ళ దాకా ఈస్ట్రోజెన్ వాడినవారిలో ఆ అదనపు ముప్పు కనిపించలేదు. అయితే ఈ వాదనకూ ఎదురుదెబ్బలున్నాయి, వాటిని దాచిపెట్టకూడదు. సహజంగా నెలసరి ఆగిన కొత్తలోనే హార్మోన్లు ఇచ్చిన కీప్స్, ఎలైట్ అనే రెండు పరీక్షలు 2015, 2016 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించాయి. జ్ఞాపకానికి హాని లేదు, మేలూ లేదు. అంటే త్వరగా మొదలుపెడితే చాలు, అందరికీ మేలే అన్న సులువైన సూత్రం కూడా నిలవదు. నా తీర్పు ఇది: వయసు వచ్చి సహజంగా ముట్లుడిగిన స్త్రీ జ్ఞాపకం కోసమని ఈస్ట్రోజెన్ మింగడానికి ఆధారం లేదు. చిన్న వయసులో కత్తి వల్ల హఠాత్తుగా హార్మోన్ కోల్పోయిన స్త్రీ కథ వేరు. సహజంగా ఆగేటప్పుడు మెదడు సర్దుకోవడానికి కొన్నేళ్ళ గడువు దొరుకుతుంది. అమెరికాలో స్వాన్ అనే దీర్ఘకాలిక అధ్యయనం కూడా, ఆ సంధికాలంలో నేర్చుకునే వేగం కాస్త మందగించి, తర్వాత మళ్ళీ పుంజుకుంటుందనే చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద ఆ గడువు దొరకదు.

ఇదంతా ఆడవాళ్ళ బుద్ధి నిలకడలేనిదన్న పాత ఎత్తిపొడుపుకు శాస్త్రం పేరుతో ఊతమిచ్చినట్టు కాదా అని ఇంకొక అభ్యంతరం వినిపిస్తుంది. అనుమానం న్యాయమైనదే. పంతొమ్మిదో శతాబ్దపు వైద్యులు అండాశయాలను చూపించే ఆడపిల్లల చదువును అడ్డుకున్నారు. జవాబు మాత్రం మగ మెదడులోనే ఉంది. టెస్టోస్టిరోన్ వంటి మగ హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చే అరొమటేజ్ అనే ఎంజైమ్ మెదడులో ఉందని ఫ్రెడరిక్ నఫ్టొలిన్ బృందం మానవ పిండాల కణజాలంలో 1971లోనే గుర్తించింది. ఎదిగిన మగ ఎలుక హిప్పోకాంపస్ తన ఈస్ట్రడయోల్‌ను తానే తయారు చేసుకుంటుందని 2004లో జపాన్‌లో సుగురు కవాటో బృందం చూపింది. ముందుమెదడు కణాల్లో ఈ ఎంజైమ్ లేకుండా చేసిన చిట్టెలుకల్లో మగవీ ఆడవీ రెండూ జ్ఞాపకంలో దెబ్బతిన్నాయని 2019లో డారెల్ బ్రాన్ బృందం తేల్చింది. మగ ఎలుకనే చదివినవాళ్ళకు దానిలోని ఈస్ట్రోజెన్ కూడా ఇన్నేళ్ళూ కనబడలేదన్నమాట.

ఈ చరిత్ర తెలుగు నేలను నేరుగా తాకే చోటు ఒకటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. ఈ అంకెలు గర్భసంచి గురించి మాత్రమే. వీరిలో ఎంతమందికి అండాశయాలు కూడా తీసేశారో వాటిలో లేదు. జ్ఞాపకానికి సంబంధించినంతవరకు అసలు లెక్క అదే. ప్రభుత్వ సర్వేలు, ఆరోగ్య బీమా పథకాల రికార్డులు ఆ వివరం కూడా రాయాలి. గర్భసంచి తీయాలని డాక్టరు చెప్పిన స్త్రీ, ఆమె వెంట వెళ్ళిన మనిషి, సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా? కేన్సర్ వంటి కారణంతో తీయక తప్పకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వడం నాకు పనికొస్తుందా, పనికిరాదా? రొమ్ము కేన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి జవాబు వేరుగా ఉండవచ్చు. అయినా అడగండి, జవాబు డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.